క్రీడారంగమున జయోత్సవములు

2024 వ సంవత్సరము జూన్ 29 వ తేదీన బార్బడోసు ద్వీపమందలి బ్రిడ్జిటౌను నగరమున భారతదేశపు క్రికెట్టు జట్టు దక్షిణాఫ్రికా జట్టును 7 పరుగుల తేడాతో ఓడించి ఇరువది ఓవరుల ప్రపంచకప్పును గెలుచుకొనెను. కోలాహలము కొంత సద్దుమణిగిన పిమ్మట జట్టు నాయకుడగు రోహిత్ శర్మ, బంతి వేయుటకును కొట్టుటకును నడుమ గట్టిగా చదును చేసియుంచిన నేలయొద్దకు పోయి, వంగి, రెండు పలుకుల మట్టిని గిల్లి నోట వేసికొనెను. దూరదర్శనమున దీనిని చూచినవారిలో కొందఱు నవ్విరి. కొందఱు కంట తడిపెట్టుకొనిరి. మా వీథి అరుగుమీది పెద్దలొకరు "ఇదేమి వేషమండీ" అని విసుగుకొనిరి. ఆ విసుగునకు సమాధానముగానే నేనీ ప్రసంగము చేయుచున్నానని శ్రోతలు తలంచినను తప్పులేదు.

ఆటలో గెలిచినవారు చేయు చేష్టలు పలువిధములు. పెద్దయాటగానిని భుజములపై మోయుదురు. శిక్షకుని నెత్తిన నీళ్లు గుమ్మరింతురు. పడవపందెమున గెలిచినవారు తమ చుక్కాని పట్టినవానినే ఎత్తి యేటిలో పారవేయుదురు. ఓడినవారితో చొక్కాలు మార్చుకొందురు. గెలుచుకొన్న కప్పును జట్టులోని మిక్కిలి చిన్నవాని చేతిలో పెట్టి పెద్దలు ప్రక్కకు తొలగుదురు. ఇవన్నియు పిల్లచేష్టలని త్రోసివేయువారు కలరు. అట్లు త్రోసివేయుట తగదు. ఏలననగా ఒక చేష్టను ఒకడు ఒకమాఱు చేసినచో అది పరవశత. దానినే పదిమంది పదియేండ్లు చేసినచో అది ఆచారము. ఆచారమనునది అర్థము లేక నిలువదు. చేయువారికి ఆ యర్థము తెలియకపోవచ్చును. తలంబ్రాలు పోసికొను వధూవరులలో ఎందఱికి దాని భావము తెలియును? తెలియకున్నను తలంబ్రాలు పోయుట ఎవరును మానలేదు గదా.

మొదట మన నిఘంటువును చూతము. అమరసింహుడు ఉత్సవమునకు పర్యాయపదములు చెప్పుచు క్షణమనియు, ఉద్ధర్షమనియు రెండు మాటలు చేర్చెను. క్షణమనగా రెప్పపాటు కాలమని మనకందఱకు తెలిసినదే. ఆ మాటకే ఉత్సవమను నర్థమును కలదు. ఉద్ధర్షమనగా పైకి లేచిన హర్షము. హర్షమను మాట పుట్టిన ధాతువున రోమములు నిక్కబొడుచుకొనుట యను భావము దాగియున్నది. కావున శరీరము తనంత తాను పైకి లేచు క్షణమే ఉత్సవమన్నమాట. గోలు పడగానే ఫుట్ బాల్ ఆటగాడు గాలిలోని కెగురుటయు, చివరి వికెట్టు పడగానే పదునొకండుగురు పరుగెత్తుకొనివచ్చి ఒకరినొకరు కౌగిలించుకొనుటయు ఈ యుద్ధర్షమే. దీనికి వ్యాఖ్యాన మక్కఱలేదు. లేగదూడ గంతునకు వ్యాఖ్యాన మెందుకు? నేను చెప్పబూనినది ఆ గంతు ముగిసిన తరువాతి ఘట్టమును గూర్చి. లేచిన హర్షమును గెలిచినవాడు ఎవరివైపు త్రిప్పును? చేతికి వచ్చిన జయమును ఏమి చేయును? జయోత్సవాచారములలో మేలైనవన్నియు ఈ యొక్క ప్రశ్నకు సమాధానములని నా యభిప్రాయము. జయమును తనయొద్ద నిలుపుకొనక మఱియొకరి కప్పగించుటయే వాని యర్థము.

ఇది క్రొత్త సంగతి కాదు. మనవారు యవనులని పిలిచిన గ్రీకులు ఒలింపియాలో జ్యూసు దేవుని సన్నిధిని నాలుగేండ్లకొకమాఱు ఆటలపందెములు జరిపెడివారు. అచట గెలిచినవానికి బంగారుపతకము లేదు. అడవి ఆలివు కొమ్మతో అల్లిన దండను తలకు చుట్టెడివారు. డెల్ఫీలో లారెలు ఆకుల దండ, నెమియాలో సెలెరీ యను నాకు దండ. ఈ సెలెరీ మన కొత్తిమీర కుటుంబములోనిదే. కూరలో వేసికొను ఆకునకై మహావీరులు ప్రాణములొడ్డి పెనగులాడిరన్నచో నవ్వు వచ్చును. కాని ఆలోచింపుడు. మన రాజులు దిగ్విజయము చేసి రాతి జయస్తంభములు నాటించిరి. శ్రీకృష్ణదేవరాయలు కళింగవిజయమునకు గుర్తుగా పొట్నూరున నాటించినది ప్రసిద్ధము. రాతిస్తంభము "ఇది నాది, ఎన్నటికిని నాది" అని పలుకును. ఆకుదండ అట్లు పలుకజాలదు, ఎల్లుండికి వాడిపోవును. యుద్ధమున గెలిచిన నేల గెలిచినవానికి మిగులును. ఆటలో గెలిచినవానికి అట్లు మిగులునది లేదు. మఱుసటి పందెమున లెక్క మరల సున్నతోనే మొదలు. కావున ఆటకు తగిన గుర్తు ఆకుదండయే.

గెలిచినవాడు ఊరికి తిరిగివచ్చినప్పటి ఆచారము ఇంతకన్న విచిత్రము. ప్లూటార్కు అను గ్రంథకర్త, విజేత పట్టణమున ప్రవేశించునపుడు కోటగోడలో కొంతభాగమును పడగొట్టి ఆ దారిని అతనిని లోనికి తెచ్చుట కలదని చెప్పి, ఇట్టి వీరులుగల పట్టణమునకు గోడలతో పనిలేదనుట దాని భావమని వివరించెను. పరుగెత్తినవాడు ఒక్కడు, గోడ ఊరందఱిది. ఊరు తన గోడను తానే పడగొట్టుకొని అతని గెలుపును ఊరుమ్మడి చేసికొనుచున్నది.

ఇక నీటి సంగతి. ఇది కొంత విస్తరించి చెప్పవలసినది.

ఇంగ్లండునందలి ఆక్స్ ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ 1829 లో ఆరంభమైన పడవపందెము నేటికిని థేమ్సు నదిమీద జరుగుచున్నది. ఒక్కొక్క పడవలో ఎనమండుగురు తెడ్లు వేయుదురు. తొమ్మిదవవాడు వారికెదురుగా కూర్చుండి, చుక్కాని త్రిప్పుచు, కేకలువేసి వారిని నడిపించును. అతడు ఒక్క తెడ్డైనను వేయడు. గెలుపు చేజిక్కిన పిదప తెడ్లు వేసినవారు ఆ తొమ్మిదవవానిని కాళ్లు చేతులు పట్టి ఎత్తి నీటిలోనికి విసరుదురు. చూచువారికి ఇది కసితీర్చుకొనుటవలె నుండును. కొంతవఱకు అదియు నిజమే. ఇంతసేపు మమ్ము అదలించి పని చేయించితివి, ఇప్పుడు నీవంతు అను హాస్యము దానిలో కలదు. అయితే హాస్యముక్రింద మఱియొకటి కలదు. ఎనమండుగురు చెమటలో తడిసి ముద్దయైయుండగా వారివలె తడియనివాడు అతడొక్కడే. వానిని గూడ తడిపినగాని జట్టు ఒక్కటి కాదు. 2024 లో పందెమునకు ముందు థేమ్సు నీటిలో మురుగు క్రిములు మిక్కుటముగా కనబడినందున, ఈయేడు ఎవరిని నీటిలో పడవేయవలదని నిర్వాహకులు హెచ్చరించిరి. నది మలినమైనచోట నదితోడి ఉత్సవము ఆగవలసివచ్చెను. ఆ వార్త చదివినపుడు మన గోదావరీ కృష్ణల రేవులు నా కన్నులకు కట్టినవి. ఆ విషయము వేఱొక ప్రసంగమునకు చాలినంత కలదు గనుక ఇచట విడిచెదను.

అమెరికావారికి ఒక ఫుట్ బాల్ ఆట కలదు. పేరు మాత్రమే ఫుట్ బాల్, ఆడునది ఎక్కువగా చేతులతో. ఆ యాటలో న్యూయార్కు జెయింట్సు అను జట్టువారు 1980 లలో తమ శిక్షకుడగు బిల్ పార్సెల్సు నెత్తిన పానీయపు తొట్టిని బోర్లించుట మొదలుపెట్టిరి. 1986 నాటి ఆటలలో వారు వరుసగా గెలుచుచుండగా ఈ యాచారము దేశమంతట వ్యాపించెను. మోటారుకార్ల పందెములలో ద్రాక్షసారాయము చిమ్ముటకును ఇట్టి కథయే కలదు. 1967 జూన్ నెలలో ఫ్రాన్సుదేశపు లె మాన్ పట్టణమున ఇరువదినాలుగు గంటల కార్లపందెములో గెలిచిన డాన్ గర్నీ అను నతడు, తన చేతికిచ్చిన షాంపేను సీసాను గట్టిగా ఊపి, చుట్టునున్న వారందఱిపై చిమ్మెను. కంపెనీ అధిపతియు తడిసెను, ఛాయాచిత్రకారులును తడిసిరి. మద్యము మాట నాకు రుచింపదు. త్రాగుమని తనకిచ్చినదానిని త్రాగక అందఱిపై చల్లిన ఆ చేష్ట మాత్రము నాకు రుచించినది.

ఎందుకనగా అది మన వసంతమే. పసుపునీళ్లలో సున్నము కలుపగా ఎఱ్ఱబాఱిన నీటిని వసంతమని పెండ్లిండ్లలోను, దేవుని ఊరేగింపుల చివరను చల్లుకొనుట తెలుగునాట అందఱెఱిగినదే. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములను ఎంత వైభవముగా జరిపెనో, ఆయనకు కర్పూరవసంతరాయలను బిరుదమే నిలిచిపోయినది. వసంతము చల్లునపుడు దొర యనియు, సేవకుడనియు లేదు. తడిసి రంగుపూసికొన్న పిదప ఎవరెవరో గుర్తుపట్టలేము. ఆటగాడు, శిక్షకుడు, సామానులు మోయువాడు అందఱును ఒక్క రంగు.

ఇంకొక పోలికయు నాకు తోచుచున్నది. యజ్ఞము ముగియగానే యజమానుడు ఋత్విక్కులతో కూడి అవభృథస్నానము చేయవలెనని విధి. తిరుమల బ్రహ్మోత్సవముల చివరిదినమున చక్రస్నానము జరుగుట ఈ పద్ధతియే. దీక్ష వహించినవాడు దీక్ష ముగియువఱకు మామూలు మనుష్యుడు కాడు. వాని తిండి వేఱు, నిద్ర వేఱు, మాట వేఱు. స్నానముతో ఆ దీక్షను నీటిలో విడిచి మరల నలుగురిలో నొకడగును. నెలల తరబడి ఆహారనియమముతో, నిద్రానియమముతో, ఇల్లువాకిలి విడిచి అభ్యాసము చేసిన ఆటగాడు దీక్షితుడు కాడా? నెత్తిన నీళ్లు పడిన క్షణమున వాని దీక్ష విడిచినది. ఆంగ్లేయులు మన శ్రౌతసూత్రములు చదివి యిట్లు చేయుచున్నారని నేననను. ఎచటి మనుష్యులకైనను పెద్దకార్యము ముగిసిన వెంటనే నీటికొఱకు చేయి సాగును. అంతవఱకే నా మాట.

మఱియొక నీరు మన యిండ్లలోనే కలదు. నేను బడిపంతులుగా నున్న దినములలో చెడుగుడు పందెములలో గెలిచిన పిల్లలను డప్పులతో ఊరేగించి తెచ్చెడివారము. ఏ యింటిముందు ఆగినను తల్లి చేయు మొదటిపని ఒక్కటియే. పిల్లవానిని గడపలోనే నిలిపి, ఎఱ్ఱనీళ్లు దిగదుడిచి, వీథిలో పారబోయును. మెచ్చుకోలు ఆ తరువాత. ముందు దృష్టి తీయవలెను. దీనిని మూఢవిశ్వాసమని కొట్టివేయవచ్చును. దానిలోని భయము మాత్రము మూఢము కాదు. నలుగురి చూపు ఒక్కనిమీద పడినపుడు వానికి ఏదో కీడు పొంచియున్నదని ఆ తల్లులెఱుగుదురు. యుద్ధము గెలిచి రథముపై ఊరేగు రోమకసేనానికి వెనుకనుండి "నీవు మనుష్యుడవని మఱువకుము" అని గుర్తుచేయుట కలదని టెర్టూలియను అను ప్రాచీనుడు వ్రాసెను. రోములో చెవిలో చెప్పిన మాటనే మన తల్లులు పళ్లెములో కలిపిరి.

ఈ భయము ఉత్తది కాదనుటకు సాక్ష్యము దూరమున వెదకనక్కఱలేదు. 2025 జూన్ 3 వ తేదీన అహమదాబాదులో బెంగుళూరు క్రికెట్టు జట్టు ఐ.పి.ఎల్. కప్పును మొదటిమాఱు గెలుచుకొనెను. అభిమానులు పదునెనిమిదేండ్లుగా వేచిన గెలుపు అది. మఱునాడే బెంగుళూరులో జయోత్సవమనిరి. చిన్నస్వామి క్రీడాస్థలము గుమ్మములయొద్ద లక్షలాది జనులు క్రిక్కిఱిసిపోగా, త్రొక్కిసలాటలో 11 మంది మరణించిరి. పోయినవారు ఎక్కువగా చిన్నవయసువారు. గెలుపును జనులకు పంచవలెనని ఇంతసేపు చెప్పిన నేను దీనిని దాటిపోరాదు. పంచుటకును ఒక విధానము కావలెను. మన రథోత్సవములలో మోకు పట్టువారెవరు, చక్రముక్రింద అడ్డుదుంగ వేయువారెవరు, జనులు వచ్చుదారి యేది, పోవుదారి యేది యను ఏర్పాటు నెలదినములముందే జరుగును. జరుగనిచోట అచటను ప్రాణములు పోయినవి. ఒక్క రాత్రిలో ఊరంత ఉత్సవమును సమకూర్చుట ఎవరితరము? పదునెనిమిదేండ్లు ఆగినవారికి ఇంకొక వారము ఆగుట కష్టమా? ఆగుమని వారికి చెప్పవలసినవారు చెప్పలేదు. క్షణమను మాటకు ఉత్సవమని యర్థము చెప్పితిని. ఆ క్షణము మైదానములోని పదునొకండుగురికి సంబంధించినది. ఊరి యుత్సవమునకు తిథి నిర్ణయించుకొని, పందిరి వేసికొని, అప్పుడు జరుపవలెను.

ఇక భుజముల సంగతి. 2011 ఏప్రిల్ 2 వ తేదీన ముంబయి వాంఖెడే క్రీడాస్థలమున భారతజట్టు శ్రీలంకను ఓడించి, 28 సంవత్సరముల పిమ్మట ప్రపంచకప్పును గెలిచిన రాత్రి, చిన్నవారు సచిన్ టెండూల్కరును భుజములపై ఎక్కించుకొని మైదానమంతయు త్రిప్పిరి. అది ఆయనకు ఆఱవ ప్రపంచకప్పు పోటీ. విరాట్ కోహ్లీకి అప్పుడు 22 ఏండ్లు. దేశపుభారమును 21 సంవత్సరములు ఈయన మోసెను, ఇప్పుడు మేమీయనను మోయుట తగినదని ఆ పడుచువాడు చెప్పిన మాట అందఱకును జ్ఞాపకమే. ఎవరు మోసిరి, ఎవరు మోయబడిరి యను లెక్క ఆ ఒక్క రాత్రి తారుమాఱైనది. మన శాస్త్రము మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణమను మూడప్పులతో పుట్టునని చెప్పును. ఆటగాడును అట్లే. తనకన్న ముందు ఆడినవారిది, నేర్పినవారిది, ఆడుటకు చోటిచ్చిన నేలది వానిమీద అప్పు. గెలిచిన దినమున చేతిలో సొమ్మున్నది గనుక తీర్చబోవుచున్నాడు.

ఈ దృష్టితో చూచినచో బార్బడోసునాటి చేష్టలన్నియు అర్థమగును. రాహుల్ ద్రావిడ్ 2007 లో నాయకుడుగా ఇదే వెస్టిండీసు దీవులకు ప్రపంచకప్పునకై వచ్చి, మొదటి దశలోనే ఓడి తలవంచుకొని పోయినవాడు. 2024 లో శిక్షకుడుగా అచటికే వచ్చెను. కోహ్లీ కప్పును తెచ్చి ఆయన చేతిలో పెట్టగా, ఎన్నడు గొంతెత్తి మాటాడని ఆ సాధుపురుషుడు దానిని పైకెత్తి సింహనాదము చేసెను. అది గురుదక్షిణ. కప్పును జట్టులోని క్రొత్తవానికో, చిన్నవానికో అందించి నాయకుడు వెనుకవరుసకు పోవుట మన జట్టులో ఆచారమైనది. మహేంద్రసింగ్ ధోనీ దానిని నియమముగా పాటించెను. చిన్నవానికి దానివలన కలుగునది గర్వము మాత్రమే కాదు, అప్పు గూడ. వాడు రేపు మఱియొకనికి అందింపవలెను. ఇక మట్టి. ఆ నేలయే మాకీ కప్పునిచ్చినది గనుక దానిలో కొంత నాతో ఉండవలెననుకొంటినని రోహిత్ శర్మ తరువాత చెప్పెను. ఉదయమున లేచి భూమిపై కాలుమోపుటకు ముందు ఆమెను క్షమింపుమని వేడుకొను జాతివారమగు మనకు, గోదాలోని మట్టిని ఒంటికి పూసికొని దండము పెట్టి కుస్తీకి దిగు మల్లులను చూచిన మనకు, ఇది వేషముగా కనబడుట వింతయే. అరుగుమీది పెద్దలకు నేనీ మాట చెప్పితిని. వారు తల ఊపిరి గాని ఒప్పుకొన్నట్లు లేదు.

వారి యభ్యంతరమున న్యాయము లేకపోలేదు. జయోత్సవములన్నియు మేలైనవి కావు. తొడగొట్టుట, జబ్బచఱచుట, మీసము దువ్వుట మన వీరుల పాతచేష్టలు. కబడ్డీ యాటలో తొడగొట్టుట నేటికిని చూచుచున్నాము. ఆటకు ముందు చేసినచో అది పిలుపు. రమ్ము, నీ బలము చూపుము అనుట. ఓడి పడియున్నవాని యెదుట చేసినచో అది పిలుపు కాదు, అవమానము. ఒక్క చేష్టకే సమయమునుబట్టి రెండర్థములు.

వ్యాసభారతమున శల్యపర్వములో దీనికి గొప్ప నిదర్శనము కలదు. గదాయుద్ధమున దుర్యోధనుడు తొడలు విఱిగి పడగానే భీముడు ఎడమకాలితో వాని తల తన్నెను. ధర్మరాజు వారించెను. బలరాముడు నాగలి యెత్తెను. ఇటు పాంచాలురును తక్కినవారును శంఖములూది, సింహనాదములు చేసి, ఉత్తరీయములు విసరుచు భీముని పొగడసాగిరి. అప్పుడు శ్రీకృష్ణుడు, పడిన శత్రువును పరుషవాక్యములతో మరల చంపుట తగదని వారి నాపెను. ఆ జయమునకు ఉపాయము చెప్పినవాడు తానే. అయినను ఉత్సవమునకు హద్దు చెప్పినవాడును తానే.

ఉత్తరీయములు విసరుట యనగానే 2002 జూలై 13 వ తేదీన లండనునందలి లార్డ్సు మైదానపు మేడమీద సౌరవ్ గంగూలీ చొక్కా విప్పి గిరగిర త్రిప్పుట శ్రోతలకు స్ఫురించియుండును. 326 పరుగుల లక్ష్యమును చేరి గెలిచిన దినమది. అంతకుముందు ఫిబ్రవరిలో ముంబయిలో గెలిచినపుడు ఇంగ్లండు ఆటగాడు ఫ్లింటాఫ్ చొక్కా విప్పి పరుగెత్తియుండెను. ఇది దానికి జవాబు. ఆ దృశ్యమునకు నేనును పొంగిపోయితిని. కాని అది బదులు తీర్చుకొనుట; అప్పు తీర్చుట కాదు. రెండును తీర్చుటయే యైనను వానికి భేదము కలదు.

చొక్కా విప్పుటలోనే మఱియొక మార్గమును కలదు. 1970 జూన్ 7 వ తేదీన మెక్సికోలోని గ్వాదలహారా నగరమున బ్రెజిలు జట్టు ఇంగ్లండును ఒక్క గోలు తేడాతో ఓడించెను. ఆట ముగియగానే పెలేయు, ఇంగ్లండు నాయకుడగు బాబీ మూరును చొక్కాలు విప్పి మార్చుకొని, ఒకరినొకరు పట్టుకొని నవ్వుకొనిరి. ఆ ఛాయాచిత్రము లోకమెల్ల తిరిగినది. హోమరు మహాకవి ఇలియడులో గ్లౌకుడును డయొమీడుడును యుద్ధరంగమున ఎదురుపడి, తమ తాతల స్నేహమును తెలిసికొని, కవచములు మార్చుకొన్న ఘట్టమిట్టిదే. చెమటతో తడిసిన చొక్కాను శత్రువు ఒంటినుండి తీసికొని తన ఒంటిన వేసికొనుటకన్న గొప్ప గౌరవమేమి కలదు?

ఉత్సవము చేయకుండుటయు ఒక ఉత్సవమే. డెనిస్ లా అను స్కాట్లండు దేశస్థుడు మాంచెస్టరు యునైటెడ్ జట్టున పదునొకండేండ్లు ఆడి, తుదకు అదే ఊరి ప్రత్యర్థిజట్టగు మాంచెస్టరు సిటీలో చేరవలసివచ్చెను. 1974 ఏప్రిల్ 27 వ తేదీన పాతజట్టుమీదనే ఆడవలసివచ్చినది. యునైటెడ్ వారు క్రిందితరగతికి జాఱిపోవు స్థితిలో ఉండిరి. ఆట ముగియవచ్చినపుడు లా వెనుకకు తిరిగియుండి మడమతో కొట్టిన బంతి గోలులో పడెను. తోటివారు వచ్చి కౌగిలించుకొనిరి. అతడు చేయి యెత్తలేదు, నవ్వలేదు. తలవంచుకొని నిలిచి, కొద్దిసేపటికే మైదానము విడిచిపోయెను. యునైటెడ్ పతనమునకు కారణము ఆ గోలొక్కటియే కాదు, ఆనాటి ఇతర పందెముల ఫలితములును చేరినవి. అయినను అతడు నవ్వలేకపోయెను. తన పాతజట్టుమీద గోలు చేసిన ఆటగాడు చేతులు జోడించి ఊరకుండుట నేడు ఫుట్ బాల్ ఆటలో మర్యాదగా నిలిచినది. ఉప్పు తిన్న యింటిని మఱువని గుణము ఇంగ్లండులోను కలదన్నమాట.

హాకీలో మన గోలురక్షకుడు శ్రీజేషు 2021 ఆగస్టు 5 వ తేదీన టోక్యోలో జర్మనీని 5-4 తేడాతో గెలిచి, 41 ఏండ్ల పిమ్మట ఒలింపిక్కు పతకము సంపాదించిన వెంటనే గోలుచట్రముమీదికెక్కి కూర్చుండెను. 2024 లో పారిసున కంచుపతకముతో ఆట విరమించినపుడును అట్లే ఎక్కెను. రైతు తన పొలము గట్టుమీద కూర్చున్నట్లుండెను ఆ కూర్చుండుట.

2025 నవంబరు 2 వ తేదీన నవీ ముంబయిలో మన స్త్రీలజట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మొదటిమాఱు ప్రపంచకప్పును గెలిచెను. ఆ జట్టులో కడపజిల్లా ఆడుబిడ్డ శ్రీచరణి కలదు. కొన్నిదినముల ముందు కాలు బెణికి ఆటకు దూరమైన ప్రతీకా రావల్ చక్రముల కుర్చీలో త్రివర్ణపతాకము భుజముల చుట్టుకొని తోడివారి నడుమ ఉండెను. మైదానముచుట్టు తిరుగుచు క్రీడాకారిణులు ఒకచోట ఆగిరి. అచట వ్యాఖ్యానము చేయుటకై వచ్చిన పూర్వపు క్రీడాకారిణులు నిలిచియుండిరి. వారిలో ఝులన్ గోస్వామియు, సికింద్రాబాదున పెరిగిన మిథాలీ రాజును ఉండిరి. 2005 లో మిథాలీ నాయకత్వమున జట్టు తుదిపందెమునకు వచ్చి ఆస్ట్రేలియా చేతిలో ఓడెను. 2017 లో మరల తుదిపందెమునకు వచ్చి లార్డ్సు మైదానమున ఇంగ్లండు చేతిలో 9 పరుగుల తేడాతో ఓడెను. రెండుమాఱులును ఝులన్ ఆ జట్టులో కలదు. ఇప్పుడు గెలిచినవారు కప్పును తీసికొనిపోయి వారి చేతికిచ్చిరి. ఝులన్ ఏడ్చెను. మిథాలీ కప్పును పైకెత్తెను. ఆమె ఆట విడిచి అప్పటికి మూడేండ్లు దాటినది.